చెప్పి వెళ్ళిన రోజుల వాగు

నాకు ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. పెళ్ళిచూపుల్లో కూడా మూడుసార్లు లేచి నీళ్ళు తాగి వచ్చానని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు. ఆయనది వెల్లింగ్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అప్పట్లో మేం లోవర్ హట్‌లో ఉండేవాళ్ళం. పొద్దున్నే ఆయన రైలెక్కి అటు పోతే, నేను కంపెనీ యూట్ బండి వేసుకుని కొండ దాటి వైరారపా వైపు పోయేదాన్ని. వెనక తొట్టిలో గంబూట్లు, వలలు, సీసాలు, ఐసు నింపిన చిల్లీ బిన్ డబ్బా గడగడా కొట్టుకుంటూ ఉండేవి. ఆ చప్పుడు వింటేగానీ నాకు స్థిమితంగా ఉండేది కాదు.

వాగుల ఆరోగ్యం చూడటం నా పని. ఈ మాట ఆక్లండ్‌లో ఫ్లాట్ బుష్‌లో ఉండే మా పిన్నితో అంటే, "వాగుకి ఆరోగ్యమేంటే, దానికేమన్నా షుగరా బీపీనా?" అని ఒకటే నవ్వు. నవ్వితే నవ్విందిగానీ, దగ్గర దగ్గరగా అదే. నెలకోసారి వెళ్ళి నీళ్ళ చల్లదనం చూడాలి, తేట చూడాలి, సీసాల్లో నీళ్ళు పట్టి ల్యాబ్‌కి పంపాలి. పైన పొలాల్లో వేసిన ఎరువూ, ఆవుల పేడా మూత్రమూ ఎంత కలిశాయో వాళ్ళు లెక్కగట్టి పంపిస్తారు. ఒంగోలు దగ్గర రొయ్యల చెరువుల మధ్య పుట్టి పెరిగినదాన్ని. చెరువు మురుగు కాలవలోకి వదిలేస్తే ఆ కాలవ ఏమవుతుందో నాకు ఏ కాలేజీ చెప్పక్కర్లేదు.

నేను చెప్పబోయే వాగు తరరువా కొండల్లోంచి దిగుతుంది. జనవరి ఎండలో దిగినా పది నిమిషాలకు పాదాలు మొద్దుబారిపోయేంత చల్లటి నీళ్ళు. కొంత దూరం అడవిలో, తర్వాత ఒక ఆవుల ఫారం మధ్యలోంచి పారుతుంది. ఆ ఫారం యజమాని ఇంకా చాలా ఆవుల్ని పెంచుకుంటానని అనుమతికి పెట్టుకున్నాడు. ఉన్న ఆవులతోనే వాగు ఎలా ఉందో ఏడాది పాటు చూసి రిపోర్టు తెమ్మన్నారు కౌన్సిల్ వాళ్ళు. ఆ పని మా చిన్న కంపెనీకి వచ్చింది, నా చేతికి వచ్చింది. అడవి అంచున ఒక చోట, ఆవులు వాగు దాటే రేవుకి కాస్త దిగువన ఒక చోట చూడాలి. రెంటికీ తేడా ఎంతో అదే జవాబు. యజమానికి ఏడాది మొదట్లో ఒకసారి చెప్పి ఒప్పుకోలు తీసుకుంటాం, అంతే. ఫలానా రోజు వస్తున్నామని మాత్రం చెప్పకూడదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు దిగువ రేవు దగ్గర నడుం లోతు నీళ్ళలో ఉన్నాను. ఎవరో మగమనిషి ఆవుల్ని అదిలిస్తున్నాడు. "నడువ్! నడువే తల్లీ, జెర జల్ది నడువ్!"

నాకు చెవులు రిక్కబొడుచుకున్నాయి. నీళ్ళలోంచే, "ఏ ఊరండీ మీది?" అని కేకేశాను. పాపం, నాలుగు చక్రాల క్వాడ్ బైక్ మీదనుంచి పడబోయి నిలదొక్కుకున్నాడు.

కరీంనగర్ అట. బిజినెస్ డిప్లొమా చేయడానికి వచ్చి, ఆ చదువుకి ఎక్కడా ఉద్యోగం దొరక్క, ఎవరో చెబితే ఆవుల ఫారంలో చేరాడు. నాలుగేళ్ళలో పాలు పిండేవాడి నుంచి మంద చూసుకునేవాడు అయ్యాడు. అప్పటికి తెలంగాణ వచ్చి మూడేళ్ళో నాలుగేళ్ళో. "మీరు ఆంధ్రా, మేం తెలంగాణ. ఈడ మాత్రం ఇద్దరం పెండలనే కలిసినం అక్కా," అని తనే నవ్వాడు. వాగుకి యాభై గజాల్లో ఫారం వాళ్ళిచ్చిన ఇల్లు. చేతులు కడుక్కునే లోపే అతని భార్య గేటు దాకా వచ్చి లోపలికి లాక్కెళ్ళింది.

ఆ రోజు ఉప్మా పెట్టింది. మరుసటి నెలా చెప్పకుండానే వెళ్ళాను, మళ్ళీ ఉప్మా. ఈసారి ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. "గిట్ల చెప్పకుంట వస్తే ఏం పెట్టాలె అక్కా? ఇంట్ల కూరగాయలు లెవ్వు. దుకాణం పోవాల్నంటె అర్ధగంట కారు తోలాలె. వచ్చే ముందురోజు ఒక్క మెసేజ్ పెట్టరాదూ?"

అడిగింది ఎంత? ఒక్క మెసేజ్. మన ఇళ్ళల్లో మనిషి భోజనానికి వస్తూ చెప్పకపోతే ఎంత అప్రతిష్ఠో నాకు తెలియదా! అప్పటినుంచి ప్రతిసారీ ముందురోజు 'రేపు వస్తున్నా' అని ఆమెకు రెండు ముక్కలు పంపేదాన్ని. నా మనసులో నేను చెప్పింది భోజనం గురించి, వాగు గురించి కాదు. ఆ రెండూ ఒకటేనని తట్టలేదు. ఇంత చదువుకుని, ఇన్ని వాగులు చూసి, తట్టలేదు.

ఆ భోజనాలు మాత్రం ఈ జన్మకు మరిచిపోను. చింతచిగురు ఎక్కడ దొరికిందో తెలీదు, పప్పులో వేసింది. సర్వపిండి, పచ్చిపులుసు, ఒకసారి మటన్. నేను కుర్చీలో కూర్చుని పూర్తిగా ఒక పూట భోజనం చేసిన ఇల్లు ఆ దేశంలో అదొక్కటేనేమో. ఆ బల్ల దగ్గరే ఒక రోజు అతను తన సంగతి చెప్పాడు. వీసా ఇంకో ఏడాదిన్నర ఉంది. ఇప్పుడున్న ఉద్యోగంతో శాశ్వత నివాసానికి పెట్టుకోవడానికి లేదని లాయరు తేల్చి చెప్పాడు. ఆవులు పెరిగితే ఫారానికి మేనేజరు కావాలి, ఆ ఉద్యోగం నీకే ఇస్తానని యజమాని మాటిచ్చాడు. మేనేజరైతే పెట్టుకోవచ్చు.

"అంటే నీ రిపోర్టే మా పీఆర్ అక్కా," అంది ఆ అమ్మాయి, అన్నంలో నెయ్యి వేస్తూ.

"ఇదిగో, నా నెత్తిన పెట్టకండి," అన్నాను. అన్నానేగానీ, అది నా నెత్తి మీదే కూర్చుంది.

అదృష్టం, లెక్కలు మంచివే వస్తున్నాయి. మొదటి రెండు నెలలు నీళ్ళు అధ్వాన్నం. మూడో నెల నుంచి దిగువ రేవు దగ్గర కూడా అడవి అంచున ఉన్నంత తేట. ల్యాబ్ కాగితాలు చూసి నేనే పొంగిపోయాను. యజమాని ఒడ్డు వెంట మురుగును ఆపే ఫ్లాక్స్ పొదలు నాటించాడు, అవి పనిచేస్తున్నాయని మా బాస్‌కి చెప్పాను. ఆయన అక్కడివాడే, పొడుగాటి కివీ మనిషి, మాట పొదుపు. "వేసవి చివర పురుగులు చూడు, అప్పుడు చెప్పుకుందాం," అన్నాడు.

పురుగులంటే రాళ్ళ కింద బతికేవి. నీళ్ళలో నిలబడి కాలితో రాళ్ళను కదిలిస్తే అవి కొట్టుకొచ్చి వలలో పడతాయి. తెల్లటి ట్రేలో వంచి లెక్కపెట్టాలి. సీసాలో నీళ్ళు ఆ పూట సంగతే చెప్తాయి. పురుగులు నెలల తరబడి అక్కడే ఉంటాయి కాబట్టి నెలల సంగతి చెప్తాయి.

అడవి అంచున ట్రే కళకళలాడింది. మూడు తోకల మేఫ్లై పిల్లలు, ఇసుక రేణువులు అతికించి గూడు కట్టుకునే పురుగులు, అన్నీ చల్లటి శుభ్రమైన నీళ్ళలో తప్ప బతకని జాతులు. దిగువకు వచ్చి వల వేశాను. నత్తలు. ఎర్ర దారాల్లాంటి పురుగులు. ఇంకా నత్తలు. రాళ్ళ మీద చెయ్యి పెడితే జారిపోయే పాచి. ఇంకో చోట వేశాను, ఇంకో చోట వేశాను. ఒక్క మేఫ్లై లేదు. పైన నీళ్ళు చూస్తే అద్దం! ఇదెక్కడి మాయరోగం అనుకుని నీళ్ళలోనే నిలబడిపోయాను. ఆ రోజు వడ్డించిన గుత్తివంకాయ నోటికి పోలేదు. "కారమైందా అక్కా?" అని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది.

ఇక నాకు నిలకడ పోయింది. మీటరు చెడిందేమోనని మూడుసార్లు సరిచూశాను. ల్యాబ్‌లో సీసాలు తారుమారయ్యాయేమోనని ఫోన్ చేసి వాళ్ళ ప్రాణం తీశాను. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా హాలుకీ వంటింటికీ తిరుగుతుంటే, "నువ్వు కూర్చుంటావా, నన్ను లేచి పొమ్మంటావా?" అన్నాడు మా ఆయన. ఆ వారం ఆఫీసులో ఏదో మీటింగ్ జరుగుతోంది. మధ్యలో లేచాను, తాళం చెవి తీసుకున్నాను, బయల్దేరాను. దిగువన ఇంకొక్కసారి పురుగులు చూసి వచ్చేద్దామని. తినే పని లేదు కదా, మెసేజ్ ఎందుకు అనుకున్నాను.

మలుపు తిరగ్గానే కాలు బ్రేకు మీద పడింది.

వాగు నిండా ఆవులు. మందకు మంద నీళ్ళలో నిలబడి ఉన్నాయి. కొన్ని తాగుతున్నాయి, కొన్ని తోకెత్తి కానిచ్చేస్తున్నాయి. నీళ్ళు కాఫీ రంగు. అవతలి గట్టు మీద పాలు పిండే షెడ్డు కడిగిన నీళ్ళను గిరగిరా తిరిగే స్ప్రేయరు చిమ్ముతోంది, ఆ ఆకుపచ్చ నీళ్ళు గట్టు మీంచి సన్నగా వాగులోకి జారుతున్నాయి. తేట చూసే గొట్టం నింపి చూశాను, లోపలి నల్ల బిళ్ళ జానెడు దూరానికే కనబడకుండా పోయింది.

అతను క్వాడ్ బైక్ మీద వచ్చాడు. నన్ను చూసి ఒకటే కంగారు. "అయ్యో అక్కా! చెప్పకుంట వచ్చినవేంది? జెరాగు, జెరాగు, తోలేస్త!"

"ఏంటిది తమ్ముడూ?"

"ఏముంది, రోజు గిదే కత కదా. పొద్దుగాల దాటుతయి, మాపటికి దాటుతయి. నువ్వొస్తున్నవని మా ఆమె చెప్పంగనే మందను షెడ్డు దిక్కు మేత పాడక్‌లనే ఉంచేస్త. రెండు దినాలు వాగు దాటనియ్య. నువ్వు గీ నీళ్ళల్ల నడుము దాంక దిగుతవ్, పెండల ఎట్ల నిలబడతవ్?"

"మరి ఆ స్ప్రేయరు?"

"గది గూడ బంద్ జేస్త. గా వాసనల నువ్వు బువ్వెట్ల తింటవక్కా?"

అతని మొహంలోకి చూశాను. వెతికాను. ఎక్కడన్నా దొంగతనం కనబడుతుందేమో, కనబడితే ఎంత హాయిగా ఉండేదో. లేదు. ఇంటికి చుట్టం వస్తున్నారంటే వాకిలి ఊడ్చుకున్నట్టు వాగు ఊడ్చి పెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బుద్ధుందా అసలు నీకు? నేను వాగు చూడ్డానికి వస్తున్నానా, నీ ఇంటి ముగ్గు చూడ్డానికి వస్తున్నానా!" అని అరిచాను. అరుస్తుండగానే తెలిసింది, బుద్ధి లేనిది ఎవరికో. చెప్పకూడదన్న రూలు నాది. మెసేజ్ పెట్టిన వేలు నాది. అతనికి ఆ రూలు ఉందని కూడా తెలియదు.

అతను బైక్ ఆపేశాడు. మెల్లగా అర్థమైంది. "అయితే... ఇన్ని నెలలు మంచిగొచ్చింది గదా, గదంత?"

"లెక్కలోకి రాదు."

"రిపోర్ట్?"

గొట్టంలోని నీళ్ళు ఒంపేసి అతని వెనకే ఇంటికి నడిచాను. వంటింట్లో అతనే భార్యకు చెప్పాడు. ఆ అమ్మాయి వంట గట్టుకు చేరబడి అంతా వింది. "అన్నం పెట్టుడు గూడ తప్పేనా అక్కా?" అంది. తర్వాత ఇంకా నెమ్మదిగా, "నువ్వు చెప్పకపోతే ఎవ్వలకెరుక?" అంది. ఆ రోజు మొదటిసారి నన్ను తిని పొమ్మని అనలేదు.

ఆమె అన్నది నిజమే. ఎవరికీ తెలియదు. నీళ్ళ లెక్కలు బంగారంలా ఉన్నాయి. పురుగులు లేకపోవడానికి ఆ ఏడు వానలు తక్కువని, వాగు సన్నబడిందని ఒక వాక్యం రాస్తే నమ్మేస్తారు. ఆ వాక్యం నేను రాశాను కూడా. శనివారం రాశాను, తీసేశాను, మళ్ళీ రాశాను. ఆదివారం పొద్దున హట్ నది కట్ట మీద సముద్రం ఒడ్డునున్న పెటోని దాకా నడిచాను, మళ్ళీ వెనక్కి. దారిలో నీళ్ళలోకి దిగి ఊరికే రాళ్ళు తిరగేశాను. ఎవరో కుక్కను తిప్పుకుంటున్న ముసలాయన ఏమన్నా పోగొట్టుకున్నావా అని అడిగాడు. ఏడుపొచ్చింది. ఆ పిల్ల చేతి నెయ్యి తిని ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టాలా? కొట్టకపోతే ఇంకా కొన్ని వందల ఆవులు ఆ రేవులోకే దిగుతాయి, సంతకం నాది ఉంటుంది. ఎటు తిరిగినా నన్ను నేనే తిట్టుకున్నాను. వాళ్ళను కూడా తిట్టాను, అబద్ధం చెప్పను.

సోమవారం బాస్ గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పేశాను. అంతా విని, "ఇన్ని నెలలూ భోజనం కోసం ముందే చెప్పావా?" అన్నాడు. అవునన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "మళ్ళీ మొదటి నుంచి. ఒక ఏడాది. ఎవరికీ చెప్పకు, అక్కడ ఏమీ తినకు," అన్నాడు. రిపోర్టులో నా చేత్తో నేనే రాశాను: రాక ముందుగా తెలియజేసినది నేనే, కనుక ఆ నెలల ఫలితాలు పక్కన పెట్టాలి అని. వాళ్ళ మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా జరిగేది జరిగింది. అనుమతి ఆగిపోయింది, దాంతోపాటు మేనేజరు ఉద్యోగమూ ఆగింది. వీసా మాత్రం ఆగదు కదా, నెల నెలా తరుగుతూనే ఉంది. ఇక మీదట వచ్చినా ఇంటికి రాకూడదని, తినకూడదని మా ఆఫీసు ఆర్డరని ఫోన్‌లో అతనికి చెప్పాను. "సరే అక్కా," అన్నాడు. అంతకంటే ఏమంటాడు!

రెండో ఏడాది దొంగలా వెళ్ళొచ్చాను. ఒక నెల మొదట్లో, ఒక నెల చివర్లో, వానరోజు, ఎండరోజు. పని అయ్యాక గేటు పక్కన యూట్‌లో కూర్చుని చీజ్ పెట్టిన రొట్టె ముక్కలు నమిలేదాన్ని. అక్కడి నుంచి వాళ్ళ వంటింటి కిటికీ కనబడేది. అతను దూరం నుంచి చెయ్యి ఊపేవాడు. ఆమె ఒక్కసారి కూడా బయటికి రాలేదు. కొన్నిసార్లు తెర కదిలినట్టుండేది. నాకు కోపం వచ్చేది. 'నేనేం చేశానని! ఇంత పంతమా!' అని రొట్టె సగం తిని మిగతాది పక్షులకు విసిరేసి బండి తీసేదాన్ని. ఆ గేటు దగ్గర పది నిమిషాలు కూర్చోవడం మీటింగుల్లో పదిగంటలు కూర్చోవడం కంటే కష్టంగా ఉండేది.

ఫలితాలు ఎలా ఉండాలో అలాగే వచ్చాయి. ఉన్నది ఉన్నట్టు రాసి నెల నెలా పంపాను. పదో నెలకే యజమాని తన అప్లికేషన్ వెనక్కి తీసుకున్నాడు. రేవు దగ్గర ఆవులకు వంతెన వేయడానికి కాంక్రీటు గొట్టాలు తెచ్చి పడేశాడు. వాగుకి అది మంచి కబురే.

ఒప్పుకున్న ఏడాది లెక్క పూర్తి చేయాలని పన్నెండో నెల, ఆఖరిసారి వెళ్ళాను. గేటు ముందు ట్రైలరు. మంచం, కుర్చీలు, మిక్సీ అట్టపెట్టె, పరుపులు, అన్నీ తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. అతను ముడులు బిగిస్తున్నాడు. దక్షిణ ద్వీపంలో, సౌత్‌లాండ్‌లో ఫారం అట. "ఆడ మేనేజర్ చేస్తమన్నరక్కా. వీసా అయిపోయే లోపల చేస్తే బాగుండు, జూద్దాం," అన్నాడు. వీసా ఇంకా మూడు నెలలే ఉంది. సీసాలు తీసుకుని వాగులోకి దిగాను. తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. ఏడాది తర్వాత దగ్గర్నుంచి చూడటం. చిక్కిపోయింది.

"లోపలికి రా అక్కా. తిని పో."

"నేను తినకూడదమ్మా. ఆఫీసు..."

"తాళం చెవులు పొద్దుగాల్నే ఇచ్చేసినం. గిది ఇప్పుడు మా ఇల్లు గాదు. ఎవ్వలింట్ల తిన్నట్టూ గాదు. రా."

ఖాళీ వంటింట్లో గట్టు మీద కుక్కరొక్కటే మిగిలి ఉంది. అన్నం, టమాటా పప్పు, ఆవకాయ. కుర్చీలు ట్రైలర్లో ఉన్నాయి, నిలబడే తినాలి. ఆమె పళ్ళెం నిండా పెట్టింది. కుక్కర్లో ఇంకా ఉంది, వాళ్ళిద్దరూ అప్పటికే తినేశారు.

"నేనొస్తానని తెలీదు కదా. ఇంత ఎందుకు వండావు?"

ఆమె నా వైపు చూడకుండా గరిటె కడుగుతోంది. "నువ్వు ఏ దినమొస్తవో ఎరుకలేదు గదా. అందుకే రోజు ఓ పిడికెడు ఎక్కువ పోస్తున్న."

"రోజూనా?"

"మొదట్ల మూడు నెలలు పొయ్యలే. బాగ కోపముండె నీ మీద. అటెంక రోజు పోసిన."

"మరి ఒక్కసారన్నా పిలవలేదేమే?"

"పిలుస్తే నీ నౌకరికి ఏమన్నైతదని. కిటికీలకెళ్ళి చూసెటిదాన్ని. నువ్వు రొట్టె తిని పోయెటిదానివి. మిగిలింది కోళ్ళకేసెటిదాన్ని."

నేను తిన్నాను. మారు అడిగి వేయించుకుని తిన్నాను. యూట్‌లో ముందు సీటు మీద, ఆ పొద్దున మా ఇంట్లో నేనే చుట్టి తెచ్చుకున్న రొట్టె ముక్కల పొట్లం అలాగే ఉంది.